సైన్స్ టీచరుగా తొలి ఏడాదికి సన్నాహం

ప్రశ్న: నేను వృక్షశాస్త్రంలో పీజీ, ఆపై బీఈడీ చేశాను. జూన్‌లో బడులు తెరవగానే నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు సైన్స్, ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్పవలసి ఉంది. ఇంటర్ తరువాత భౌతికశాస్త్రం ముట్టుకోలేదు. ఆ బడిలో ప్రయోగశాల పేరుకే ఉంది. ఈ సెలవుల్లో ఏ పుస్తకాలు చదివి సిద్ధపడాలి?
– ఒక పాఠకురాలు, సైదాబాద్

జవాబు: పుస్తకాల సంగతి ముందు తేల్చేద్దాం. రాష్ట్ర సిలబస్‌లో ఆరు, ఏడు తరగతులకు సామాన్యశాస్త్రం ఒకే పుస్తకంగా ఉండి, ఎనిమిది నుంచే భౌతిక, జీవశాస్త్రాలు విడిపోతాయి కనుక, మీకు విద్యుత్తు, కాంతి, ఉష్ణం పాఠాలు తప్పవు. వాటికోసం ఇంటర్ పుస్తకాలు తిరగేయనక్కరలేదు. పాఠ్యపథకాలు రాయడం మొదలుపెట్టక ముందే ఆరు నుంచి పది వరకు పాఠ్యపుస్తకాలను వరుసగా ఒకసారి చదివితే చాలు. మిగిలిన సెలవులన్నీ కృత్యాలకు కేటాయించండి. ప్రతి కృత్యాన్నీ తరగతిలో చేయించే ముందు ఇంట్లో మీ చేతులతో చేసి చూడాలి; నా దృష్టిలో అసలు సన్నాహం ఇదే.

ఆమ్లాలు, క్షారాల పాఠమే తీసుకోండి. పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన తెల్లకాగితంపై బట్టల సబ్బు నీటి చుక్క వేస్తే ఎర్రని మచ్చ ఏర్పడుతుంది. నిమ్మరసం వేస్తే మాత్రం కాగితం రంగు మారదు. ఈ సంగతి ముందే చూసి ఉండకపోతే, నిమ్మరసానికి ఏమీ కాలేదేమని తరగతి అంతా ఒక్కసారిగా అడిగినప్పుడు తడబాటు తప్పదు. చూసి ఉంటే, అదే నిమ్మరసాన్ని ఆ ఎర్ర మచ్చపై వేయించి, అది మళ్లీ పసుపుపచ్చగా మారడం చూపి, తటస్థీకరణలోకి సులువుగా వెళ్లవచ్చు. వంటసోడాతో రంగు అంత గట్టిగా రాదు. సున్నపు తేట మేలు. పెళ్లిలో పెట్టే పారాణి ఈ పసుపు, సున్నాల కలయికేనని పిల్లలే చెప్పేదాకా ఆగండి. ఆమ్లాలకూ రంగు మారాలంటే మందార రేకులను వేడినీటిలో నానబెట్టిన రసం వాడండి. అది ఆమ్లంలో ముదురు గులాబీకి, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. వీటికి ప్రయోగశాలతో పనేముంది?

రెండోది, పిల్లలు అప్పటికే ఏమి నమ్ముతున్నారో ముందుగా ఊహించి పెట్టుకోవడం. ఇస్త్రీపెట్టె తీగ పైకి ఒక్కటిగానే కనిపిస్తుంది గనుక, బల్బు వెలగడానికి ఒక తీగ చాలని చాలామంది అనుకుంటారు. పాడైపోయిన తీగ ముక్కను కోసి, లోపలి తీగలు విడివిడిగా ఉండటం చూపండి. టార్చి బల్బులు, హోల్డర్లు కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి, అన్నీ 1.5 వోల్టుల సెల్స్‌తోనే చేయించండి, గోడ ప్లగ్గు జోలికి ఎవరినీ పోనివ్వకండి.

ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం వచ్చినప్పుడు, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించింది మన బేగంపేటలోనేనని చెప్పడం మరవకండి.

వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందన్నది ఇంకో గట్టి నమ్మకం. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లకు పెరుగుతుంది. రుతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం. ఆ వంపు వల్లనే హైదరాబాద్‌లో ఏటా రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలిచి, నిలువుగా పాతిన కర్రకు నీడ లేకుండా పోతుంది. మే నెలలో బడి ఉండదు, ఆగస్టులో ఉంటుంది. ఆ రోజు నీడ మాయమయ్యేది 12 గంటల 20 నిమిషాలు దాటాక గనుక, ఆ పీరియడ్ మీకే ఇమ్మని ప్రధానోపాధ్యాయులను జూన్‌లోనే అడిగి పెట్టుకోండి. శ్రావణ మబ్బులను నమ్మలేం కాబట్టి అటూ ఇటూ రెండేసి రోజులు కూడా కలిపి అడగండి. ఆ రోజుల్లోనూ నీడ ఉందా లేదా అన్నట్టే ఉంటుంది.