జైలు నుంచి వచ్చే తమ్ముడికి ఉచిత వైద్యం: సమాధానం

అక్కా, మీ తమ్ముడు వచ్చే వారం చర్లపల్లి జైలు నుంచి వస్తున్నాడని, మత్తు ఇంజెక్షన్లు మళ్లీ మొదలుపెడతాడేమోనని భయంగా ఉందని, ప్రైవేటు సెంటర్‌కి డబ్బు కట్టలేమని రాశారు. డబ్బు గురించి టెన్షన్ పడకండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ-అడిక్షన్ కేంద్రాల్లో చికిత్స ఉచితం. దగ్గర్లో ఎక్కడుందో 14446కి ఫోన్ చేసి కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి చెబుతాను. ఇన్నాళ్లు మానేసిన శరీరం పాత డోసు తట్టుకోలేదు. విడుదలైన మొదటి రెండు వారాల్లోనే ప్రాణాపాయం ఎక్కువ. ఈ సంగతి అతనికి కోపంగా కాకుండా, నెమ్మదిగా, నేరుగా చెప్పండి. ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు. ఊపిరి మందగించినా, లేపితే లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

విడుదలకు ముందే జైలు డాక్టరు రాసిన చీటీల నకళ్లు అడగండి. అక్కడ మానసిక సమస్యకు మందులు వాడుతుంటే మధ్యలో ఆగకూడదు, కొన్ని రోజులకు సరిపడా ఇమ్మనండి. ఇవ్వకపోతే 15100, అది ఉచిత న్యాయ సహాయం నంబరు. తర్వాత ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీకి తీసుకెళ్లండి. రాత్రిపూట అతనికి గానీ మీకు గానీ దిగులెక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

గొలుసులేసి కట్టేసే సెంటర్లకు మాత్రం పంపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది.