స్టీరింగ్ వదిలేసినంత మాత్రాన డ్రైవర్ కాకుండా పోతారా?

ప్రశ్న: కొండాపూర్‌లో ఉంటాం. ఆరు నెలల కిందట ఏడాస్ (డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) సదుపాయం ఉన్న కారు కొన్నాను. రోడ్డు మీద తెల్ల గీతల మధ్య దానంతట అదే వెళ్తుంది, ముందు బండి ఆగితే ఆగుతుంది. మా బావమరిది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ పార్టీ అయ్యాక డ్రైవర్ లేని టాక్సీలో ఇంటికి వెళ్తారట, ఎవరూ అడగరట. సంక్రాంతికి వచ్చినప్పుడు ‘బావా, నీ కారు కూడా సగం అలాంటిదే కదా, రెండు పెగ్గులు వేసుకుంటే ఏమైంది’ అన్నాడు. అవుటర్ రింగ్ రోడ్డు మీద కారు దానంతట అదే వెళ్తున్నప్పుడు నన్ను ఆపి ఊదమంటే, ‘నడిపింది నేను కాదు’ అని వాదించవచ్చా? రేపు పూర్తిగా డ్రైవర్ అక్కర్లేని కార్లు వస్తే అప్పుడైనా తాగి కూర్చోవచ్చా? మా ఆవిడకు డ్రైవింగ్ రాదు, అందుకే అడుగుతున్నాను.

జవాబు: వాదించవచ్చు. ఓడిపోతారు. మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, కానీ అక్కడి టాక్సీకీ మీ కారుకీ చుట్టరికం లేదు. ఎందుకో చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 185 ప్రకారం, వాహనం నడుపుతూ గానీ నడపబోతూ గానీ ఉన్న వ్యక్తి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. సిగ్నల్ దాటినందుకు వచ్చే చలానాలా ఇది ఫోనులో కట్టేసి మరిచిపోయే వ్యవహారం కాదు. రాజీ పడదగిన, అంటే డబ్బు కట్టి కోర్టు బయటే ముగించుకోదగిన నేరాల జాబితాలో సెక్షన్ 185 లేదు కనుక మేజిస్ట్రేటు ముందు నిలబడాలి.

ఇక మీ వాదనకు ప్రాణం ‘నడుపుతూ’ అన్న మాటలో ఉంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నవాడు నడుపుతున్నట్టా?

1988లో ఈ చట్టం రాసినవారికి మీ కారు కలలో కూడా తోచి ఉండదు. అయినా ‘డ్రైవర్’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఒక విచిత్రమైన మనిషి కనిపిస్తాడు. చెడిపోయిన కారును ఇంకో కారుకు తాడు కట్టి లాక్కెళ్లడం మీరు చూసే ఉంటారు. వెనక కారులో ఇంజను చచ్చిపోయి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా ఏమీ జరగదు. అందులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నవాడు కూడా డ్రైవరే అంటుంది సెక్షన్ 2. బండిని కదిలిస్తున్న శక్తి ఎవరిదని చట్టం అడగలేదు, దారి ఎవరి అదుపులో ఉందని అడిగింది. తాడుతో లాగించుకుంటున్న మనిషే డ్రైవరైతే, ఇంజను తిరుగుతూ, బ్రేకు కాలికింద ఉంటూ, ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టీరింగ్ తిప్పగలిగిన మీరు కాకుండా ఎలా పోతారు?

సెక్షన్ 126 కూడా చూడండి. బహిరంగ స్థలంలో బండిని ఊరికే నిలిపి ఉంచాలన్నా డ్రైవర్ సీటులో లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసి, అది పొరపాటున కూడా కదలకుండా చేయాలి. ఆగి ఉన్న బండికే ఇంత కాపలా పెట్టిన చట్టం, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలో డ్రైవర్ లేడంటే ఒప్పుకుంటుందా?

చట్టం సంగతి పక్కన పెట్టి మీ కారునే అడగండి, అదే చెబుతుంది. ఈ మధ్య మా అన్నయ్య కొడుకు కారులో శంషాబాద్ వైపు వెళ్లాను. వాడు గొప్పగా చేతులు వదిలి చూపించాడు. కాసేపటికే మీటరు పక్కన స్టీరింగ్ పట్టుకున్న రెండు చేతుల బొమ్మ నారింజ రంగులో వెలిగింది, తరువాత కుయ్‌మని మోత. వాడు పసిపిల్లను జోకొట్టినట్టు స్టీరింగ్‌ను ఒక వేలితో తట్టాడు, మోత ఆగింది. ఇంకొంచెం ముందుకు వెళ్లాక గుంత పూడ్చి కొత్త తారు పోసిన చోట తెల్ల గీత కనిపించకుండా పోయింది. అక్కడ కారు ఏ చప్పుడూ చేయలేదు. పచ్చగా ఉన్న గీతల గుర్తు బూడిద రంగులోకి మారింది, అంతే. గీతల మధ్య ఉంచే పనిని అది మాటైనా చెప్పకుండా వాడి చేతిలో పెట్టేసింది. నేను అటే చూస్తున్నాను కాబట్టి గమనించాను. వాడు నాకేదో చెబుతూ గమనించలేదు. ఆ రోజు వాడు ఒక్క చుక్క కూడా తాగలేదు.

వాహనాల స్వయంచాలకతను 0 నుంచి 5 వరకు ఆరు స్థాయులుగా లెక్కగడతారు. మన దగ్గర అమ్ముతున్న ఏడాస్ కార్లు 2వ స్థాయి దాటినవి కావు. అంటే అది సాయం చేస్తుంది, చూసుకోవలసింది మీరే. కారుతో పాటు ఇచ్చిన యజమాని పుస్తకం డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది, తీసి చదవండి. ‘ఈ సదుపాయం డ్రైవర్‌కు సాయం మాత్రమే, పూర్తి బాధ్యత డ్రైవర్‌దే’ అన్న అర్థంలో ఒక హెచ్చరిక ఉంటుంది. ప్రాసిక్యూటరుకు ఆ ఒక్క పేజీ చాలు.

ఇంకో సంగతి. మామూలు కారులో తాగి నడిపినవాడికి వ్యతిరేకంగా ఊదిన చీటీ, కానిస్టేబుల్ సాక్ష్యం ఉంటాయి. మీ విషయంలో కారు కూడా సాక్షి కావచ్చు. ఇలాంటి కార్లు ఏ క్షణంలో ఏ సదుపాయం పని చేస్తోందో, ఎప్పుడు హెచ్చరిక ఇచ్చాయో దాచుకోగలవు. ప్రమాదం జరిగి ఆ వివరాలు బయటికి తీస్తే, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుగా కోర్టుకు చేరతాయి. ‘కారు నాలుగుసార్లు చేతులు పెట్టమంది, ఈయన పెట్టలేదు’ అని మీ డబ్బుతో కొన్న కారే చెబితే మీ లాయరుగా నేను అడ్డుప్రశ్నలు ఏమని వేయను?

అమెరికాలోనూ మీలాంటి ఆలోచన ఒకరికి వచ్చింది. 2018 నవంబర్ చివర్లో కాలిఫోర్నియాలో 101 హైవే మీద టెస్లా కారులో ఒకాయన డ్రైవర్ సీటులోనే నిద్రపోయాడు. కారు పోతూనే ఉంది. వెనక లైట్లు, సైరన్లు వేసినా లేవలేదు. ఆటోపైలట్ (టెస్లాలో మీ ఏడాస్ లాంటి సదుపాయం) మీద వెళ్తోందని ఊహించి పోలీసులు ఒక వాహనాన్ని దాని ముందుకు తెచ్చి నెమ్మదిగా వేగం తగ్గించారు. కారూ తగ్గింది, ఆగింది. ఆయనను నిద్రలేపి, తాగి నడిపారన్న అనుమానంతో అరెస్టు చేశారు. నిద్రపోతున్నాడు కాబట్టి డ్రైవర్ కాదని వాళ్లు అనుకోలేదు. అదే సంవత్సరం మార్చిలో అరిజోనాలోని టెంపేలో పరీక్షల కోసం తిప్పుతున్న ఉబర్ స్వయంచాలిత కారు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. క్రిమినల్ కేసు సంస్థ మీద పడలేదు, సీటులో ఫోను చూస్తూ కూర్చున్న పర్యవేక్షకురాలి మీద పడింది. ఆమె 2023లో నేరం ఒప్పుకుంది, 3 ఏళ్ల ప్రొబేషన్ (జైలు బదులు పర్యవేక్షణ) వేశారు. కంప్యూటర్‌ను బోనులో నిలబెట్టలేం కాబట్టి, చట్టం ముందుగా సీటులో ఉన్న మనిషినే వెతుక్కుంటుంది.

మరి మీ బావమరిది టాక్సీ? అక్కడ వేమో సంస్థ తిప్పుతున్న టాక్సీల్లో మనిషి పని కూర్చోవడమే. ‘ఇక నువ్వు పట్టుకో’ అని కారు అతణ్ణి ఎప్పుడూ అడగదు. డ్రైవర్ సీటులో కూర్చోనివ్వరు కూడా. అతను ప్రయాణికుడు. మన దగ్గర తాగి ఆటో ఎక్కినవాడి మీద సెక్షన్ 185 ఎలా పెట్టరో, అక్కడ అతని మీదా అలాగే పెట్టరు. 

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. రేపు ఏ కారు వచ్చినా దాని ప్రకటన చూడకండి, అది మిమ్మల్ని సాయానికి పిలుస్తుందా లేదా అన్నది చూడండి. పిలిచే కారైతే పిలిచినప్పుడు పలికే స్థితిలో ఉండాలి. పిలవని కారులో మాత్రమే మీరు ప్రయాణికులు. బ్రిటన్‌లో 2024 మేలో ఆమోదం పొందిన స్వయంచాలిత వాహనాల చట్టం ఈ గీతనే గీసింది. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు అది నడిచిన తీరుకు సీటులోని మనిషిని శిక్షించదు. అయితే కారు అప్పగించినప్పుడు అందుకోవలసిన మనిషి నడపగలిగే స్థితిలో ఉండాల్సిందే. అలాంటి మనిషి అవసరమే లేని వాహనాలను వేరుగా చూస్తుంది. 

మన దేశంలో ఇలాంటి గీత ఇంకా గీయలేదు. మన మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణలో సెక్షన్ 2బి అని ఒకటి చేర్చారు. పరిశోధన, నూతన ఆవిష్కరణల కోసం కొన్ని రకాల వాహనాలకు కేంద్రం ఈ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. మన పక్కనే సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్‌కు చెందిన టిహాన్ కేంద్రంలో డ్రైవర్ లేని వాహనాల మీద పరీక్షలు జరుగుతున్నాయి. కానీ ఆ తలుపు పరిశోధకులకు తెరిచింది, పార్టీ నుంచి ఇంటికి వెళ్లేవారికి కాదు. డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి అలాంటి కార్లను రానివ్వనని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఒకటికి రెండుసార్లు బహిరంగంగానే అన్నారు.

బీమా సంగతి మీరు అడగలేదు. అడగాల్సింది. 2007 డిసెంబర్‌లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు ప్రమాదానికి గురైంది. డ్రైవర్ తాగి ఉన్నాడని బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంది. 2021లో సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. ఊదిన పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ లేకపోయినా, మిగతా పరిస్థితులను బట్టి మత్తులో నడిపినట్టు బీమా కంపెనీ రుజువు చేయవచ్చని అంది. అంటే మీ కారు మరమ్మతు ఖర్చు మీదే. ఎదుటివారికి చెల్లించాల్సిన పరిహారాన్ని కూడా కంపెనీ ముందు కట్టి తరువాత మీ దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది.

ఎవరైనా చనిపోతే అది వేరే లోకం. నిర్లక్ష్యం వల్ల మరణమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 సంవత్సరాల వరకు జైలు. తాగి నడిపిన కేసుల్లో పోలీసులు అంతకంటే బరువైన సెక్షన్ 105, అంటే హత్య కాని శిక్షార్హమైన నరహత్య, పెట్టడం ఉంది. 2006లో ముంబైలో తాగి నడుపుతూ పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురి మరణానికి కారణమైన వ్యక్తికి ఇదే నేరం కింద, అప్పటి పాత శిక్షాస్మృతి ప్రకారం పడిన 3 సంవత్సరాల జైలును 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. తాగి బండి తీస్తే ఏమవుతుందో తెలిసే తీశాడన్నది ఆ కేసుల్లో అసలు వాదన. ‘కారు చూసుకుంటుందనుకున్నాను’ అని మీరంటే, యజమాని పుస్తకంలోని ఆ హెచ్చరిక మళ్లీ అడ్డం వస్తుంది.

మీ బావమరిదికి కూడా ఒక మాట. సెక్షన్ 185 నేరానికి ప్రేరేపించినవారికి కూడా అదే శిక్ష అని మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 188 చెబుతోంది. సంక్రాంతి భోజనాల దగ్గర అన్న మాటకు కేసు పెట్టరు లెండి. కానీ పక్క సీటులో కూర్చుని ‘చేతులు వదిలెయ్ బావా’ అంటూ ఉంటే నేను హామీ ఇవ్వలేను.

ఒకవేళ ఎప్పుడైనా ఆపితే ఊదనని మొండికేయకండి. నిరాకరించడాన్ని మీకు వ్యతిరేకమైన పరిస్థితిగా కోర్టు పరిగణించవచ్చని సెక్షన్ 205 అంటోంది. అరెస్టు చేస్తే 2 గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే విడిచిపెట్టాలి. కారు విషయంలో 2021లో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుంచుకోండి. తాగి నడిపారన్న ఒక్క కారణంతో వాహనాన్ని పట్టి ఉంచే అధికారం పోలీసులకు లేదు. వెంట తాగని మనిషి, లైసెన్సు ఉన్నవారు ఉంటే బండి వారికి ఇవ్వాలి, లేకపోతే బంధువులను గానీ మిత్రులను గానీ పిలిపించుకోనివ్వాలి. అది బండికి దక్కిన ఊరట మాత్రమే, మీ మీద కేసు అలాగే ఉంటుంది.

కారులోనే పడుకుంటే? బ్రిటన్‌లో తాగి వాహనం ‘అధీనంలో’ ఉంచుకోవడం కూడా నేరం. మన సెక్షన్ 185లో ఆ మాట లేదు, నడపడం, నడపబోవడం మాత్రమే ఉన్నాయి. అందుకని పార్కింగులో, ఇంజను ఆపి, వెనక సీటులో పడుకున్నవారి మీద ఈ సెక్షన్ నిలవడం కష్టం. డ్రైవర్ సీటులో, ఇంజను ఆన్ చేసి, ఏసీ వేసుకుని పడుకుంటే ‘నడపబోతున్నాడు’ అనడానికి మీరే చోటిచ్చినవారవుతారు.

మీ ఆవిడకు డ్రైవింగ్ రాదన్నారు. నేర్చుకోవడం ఆవిడ ఇష్టం, మీ తాగుడు కోసం మాత్రం వద్దు. గంటల లెక్కన వచ్చే యాక్టింగ్ డ్రైవర్లు మన ఊళ్లో ఫోను చేస్తే దొరుకుతారు. అది కుదరకపోతే మీ కారును ఇంటి దగ్గరే ఉంచి క్యాబ్‌లో వెళ్లండి. వచ్చే సంక్రాంతికి బావమరిది మళ్లీ మొదలుపెడితే, యజమాని పుస్తకంలోని ఆ పేజీ తెరిచి అతని చేతిలో పెట్టి, గట్టిగా చదవమనండి.