డిసెంబర్ ఆర్డర్లు చూసి బేకరీ అప్పు చేయకండి

ప్రశ్న: మాది హనుమకొండ. లాక్‌డౌన్‌లో నేర్చుకున్న కేకులు, బిస్కెట్లు ఇప్పుడు ఆర్డర్ల మీద చేసి అమ్ముతున్నాను. నెలకు 30 వేలు వస్తున్నాయి. నయీంనగర్‌లో షట్టర్ తీసుకుని బేకరీ పెట్టాలని ఉంది. పెద్ద ఓవెన్, ఫ్రిజ్, అడ్వాన్స్ అన్నీ కలిపి మూడున్నర లక్షలు కావాలి. నా బంగారం కుదువ పెడితే రెండున్నర లక్షలు వస్తాయి. మిగతా లక్ష గిరిగిరిలో, అంటే రోజూ వసూలు చేసే అప్పుగా, తీసుకుందామనుకుంటున్నా. చేతికి 85 వేలు ఇస్తారు, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. మా ఆయన జీతం 26 వేలు, ఇంటి ఖర్చు 29 వేలు, బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. ముందుకు పోవచ్చా?

జవాబు: వద్దమ్మా. మీలాగే అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన ఆర్డర్ల నోట్‌బుక్ ఫోటోలు ఒక్కో పేజీ చూశాను. డిసెంబర్‌లో అమ్మకం 31 వేలు. మే పేజీలో మొత్తం 4,500, అందులోనూ ఒక ఆర్డర్ పక్కన మీ చేతిరాతతోనే ‘క్రీమ్ కారింది, పైసలు వాపస్’ అని ఉంది. పన్నెండు నెలలు కూడితే 1,56,000. అంటే నెలకు 13 వేలు, 30 వేలు కాదు. అదీ అమ్మకమే. గుడ్లు, వెన్న, మైదా, డబ్బాలు, గ్యాస్, డెలివరీ పెట్రోలు తీసేస్తే మీ లెక్క ప్రకారమే సగం మిగులుతుంది, ఆరున్నర వేలు. అందులో 3 వేలు ఇప్పటికే ఇంట్లోకి పోతున్నాయి. చివరికి చేతిలో ఉండేది 3,500.

ఇప్పుడు గిరిగిరి చూడండి. రోజుకు వెయ్యి అంటే నెలకు 30 వేలు. మీ సగటు అమ్మకం మొత్తం కట్టినా సగం కూడా తీరదు. మన భాషలో చెప్పాలంటే అది నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. పొద్దున షట్టర్ తీయకముందే వసూలుకు మనిషి వచ్చి నిలబడతాడు. ఇలాంటి అప్పుతో దుకాణం మొదలుపెట్టడమేంటమ్మా?

అంతకంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ 35 వేలు. నలుగురున్న ఇంటికి అది నెల రోజుల ఖర్చు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అని రాశారు. మంచిదే, 10 లక్షల దాకా వైద్యం చూస్తుంది. కానీ మీ ఆయన రెండు నెలలు మంచాన పడితే ఇంటి కిరాయి, పిల్లల ఫీజు అది కట్టదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో మన దగ్గర కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు ఫ్రిజ్‌లు, గ్రైండర్లు తడిసిపోయిన ఇళ్లు ఎన్నో. అలాంటి రోజున ఆదుకునేది చేతిలో ఉన్న డబ్బు, అది లేకపోతే బంగారం. మీరు ఆ బంగారాన్నీ ఓవెన్ కోసం ముందే కుదువ పెడతానంటున్నారు. ఇక అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాల్సి వస్తే ఏం పట్టుకుపోతారు?

ముందు మూడు నెలల ఖర్చు, 87 వేలు, వేరే ఖాతాలో పక్కన పెట్టండి. ఆ ఖాతాకు ఫోన్‌లో యూపీఐ కలపకండి, కలిపితే మైదా బస్తాకి, వెన్నకి తెలియకుండానే కరిగిపోతుంది. ఉన్నదానికి ఇంకా 52 వేలు కావాలి. నెలకు 3,500 చొప్పున పదిహేను నెలలు. దసరా, క్రిస్మస్, సంక్రాంతి లాభం ముట్టుకోకుండా అందులో వేస్తే ఇంకా ముందే అవుతుంది. ఆ తర్వాత దాన్ని ఆరు నెలల ఖర్చుకు, అంటే 1,74,000కు పెంచండి. షట్టర్ కిరాయి నెలకు 9 వేలు నెత్తిన పడితే అదే 2,28,000 అవుతుంది. దుకాణం పెట్టేవాళ్లు ఈ లెక్క మరచిపోతారు.

నోట్‌బుక్‌లో ఇంకో సంగతి ఉంది, మీరు గమనించారో లేదో. మూడంతస్తుల క్రీమ్ కేకులు నాలుగు నెలల్లోనే ఉన్నాయి. చాయ్‌లోకి సాదా కేకు, నాన్‌ఖటాయి, రాగి బిస్కెట్లు, నువ్వుల ఉండలు, పల్లీ పట్టీలు ప్రతి నెలా ఉన్నాయి, మేలో కూడా. జనం మళ్లీ ఇంట్లో చేసిన సాదా తీపి అడుగుతున్నారు. వాటికి డిస్‌ప్లే ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండకు కారవు, ఇప్పుడున్న చిన్న ఓవెనే చాలు. ఏడాది వాటినే పెంచండి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించుకోండి.

తర్వాత పెద్ద ఓవెన్ కావాలంటే మెప్మా (పట్టణ మహిళా పొదుపు) సంఘం ద్వారా బ్యాంకు అప్పు, లేదా కేంద్రం ముద్ర పథకంలో శిశు అప్పు కింద 50 వేల లోపు అడగండి. మీ ఆయన పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేదన్నారు, అది ఈ నెలలోనే తీసుకోండి.

గిరిగిరి ఆయన రెండు ఖాళీ చెక్కులు, ఒక ప్రామిసరీ నోటు అడిగాడని చివర్లో రాశారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చెక్కులు ఇప్పటికే ఇచ్చి ఉంటే మీ ఆయన్ను తీసుకుని ఈరోజే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.