ప్యాకెట్ తిప్పి చదవండి

పాఠకుల ప్రశ్నలు – పశువైద్య సమాధానాలు

పిల్లి తిండి గురించి నగరం నలుమూలల నుంచి వచ్చిన ప్రశ్నల్ని ఈ సంచికలో ఒకచోట చేర్చాం.

మా ఆడ పిల్లి బరువు నాలుగు కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద ప్రోటీన్ 32 శాతం అని, పౌచ్ (తడి తిండి) మీద 8 శాతం అని ఉంది. పౌచ్‌లో ఉన్నవి నీళ్లే, డబ్బు దండగ అంటున్నాడు షాపాయన. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

నీళ్లు ఎక్కువన్న మాట నిజం. దండగన్న మాట ఒప్పుకోలేం. తడి బట్టనీ పొడి బట్టనీ ఒకే తక్కెడలో తూచినట్టుంది ఆ పోలిక. ముందు రెండింట్లోనూ నీళ్లు తీసేయాలి, తర్వాతే పోల్చాలి.

ప్యాకెట్ వెనక ‘మాయిశ్చర్’ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని వందలోంచి తీసేయండి. మిగిలింది పొడి పదార్థం. ప్రోటీన్ అంకెను దానితో భాగించి వందతో హెచ్చించండి. మీ డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతం అనుకుంటే పొడి పదార్థం 90. 32ను 90తో భాగిస్తే 35.6 శాతం. పౌచ్‌లో తేమ 84 శాతమైతే పొడి పదార్థం 16. 8ని 16తో భాగిస్తే 50 శాతం! అసలు మాంసకృత్తులు ఎక్కువున్నది పౌచ్‌లోనే. కొవ్వుకూ ఇదే లెక్క.

పిండిపదార్థం ఎంతో చాలా ప్యాకెట్ల మీద వేయరు. దాన్ని మీరే రాబట్టవచ్చు. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (‘యాష్’ అంటే ఖనిజ లవణాలు) అన్నీ కలిపి వందలోంచి తీసేయండి. బూడిద అంకె లేకపోతే డ్రై ఫుడ్‌కు 8, పౌచ్‌కు 2 వేసుకోండి. మీ డ్రై ఫుడ్‌లో కొవ్వు 10, పీచు 4 అయితే పిండిపదార్థం 36, అంటే పొడి లెక్కలో 40 శాతం. పౌచ్‌లో కొవ్వు 3, పీచు అర శాతం అయితే మిగిలేది రెండున్నరే, పొడి లెక్కలో దాదాపు 16 శాతం.

ఇప్పుడు క్యాలరీలు. గ్రాము ప్రోటీన్‌కు 3.5, పిండిపదార్థానికి 3.5, కొవ్వుకు 8.5 కిలో క్యాలరీల చొప్పున వేస్తే 100 గ్రాముల డ్రై ఫుడ్‌లో సుమారు 323, 100 గ్రాముల పౌచ్‌లో 62 వస్తాయి. ప్రోటీన్, కొవ్వు పక్కన ‘మిన్’ (కనీసం ఇంత) అని రాస్తారు కాబట్టి అసలు క్యాలరీలు ఇంతకన్నా కాస్త ఎక్కువే ఉండొచ్చు. కంపెనీయే క్యాలరీల అంకె ముద్రిస్తే దాన్నే తీసుకోండి.

ఆపరేషన్ అయి, ఇంటిపట్టున ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 240 కిలో క్యాలరీలు చాలు. డ్రై ఫుడ్ ఒక్కటే పెడితే 62 నుంచి 74 గ్రాములు. పౌచ్‌లే పెడితే 85 గ్రాములవి నాలుగు, నాలుగున్నర కావాలి. డ్రై ఫుడ్ కిలో 400 రూపాయలు, పౌచ్ 45 రూపాయలు అనుకుంటే మొదటి దారిలో రోజుకు 30 రూపాయల లోపు, రెండో దారిలో దాదాపు 200. అందరివల్లా అయ్యే ఖర్చు కాదది. అందుకే మేం చెప్పేది కలిపి పెట్టమని: ఒక పౌచ్, 50 గ్రాముల డ్రై ఫుడ్. నాలుగు కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు అవసరం. ఆ ఒక్క పౌచ్‌లోనే 70 మిల్లీలీటర్లు లోపలికి పోతాయి. పిల్లి దాహం వేసినా గిన్నె దగ్గరకు అంతగా పోయే జీవి కాదు, మన ఏప్రిల్, మే ఎండల్లో ఈ నీళ్ల విలువ మరీ ఎక్కువ.

డ్రై ఫుడ్‌ను గిన్నెతో కొలవొద్దు. గింజ సైజు మారితే అదే గిన్నెలో బరువు మారిపోతుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి.

విస్కాస్, మీ-ఓ, రాయల్ కెనిన్, ఫార్మినా, డ్రూల్స్. వీటిలో ఏది నంబర్ వన్? ఒక్క మాటలో చెప్పండి.
– ఒక పాఠకుడు, టోలిచౌకి

ఒక్క మాటలో చెబితే మీ పిల్లికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. బ్రాండు అంటే ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంట్లో నాలుగు రకాల పిల్లలున్నట్టు, ఒకే బ్రాండులో కూనల రకం, పెద్దవాటి రకం, పర్షియన్ రకం, బరువు తగ్గించే రకం వేరువేరుగా ఉంటాయి. వాటి మధ్య తేడా ఒక్కోసారి రెండు బ్రాండుల మధ్య తేడా కన్నా పెద్దది. పైగా విస్కాస్, షీబా, రాయల్ కెనిన్ మూడూ మార్స్ అనే ఒకే సంస్థవి. ఫీలిక్స్, ప్రో ప్లాన్ నెస్లే వారి ప్యూరినావి. మీ-ఓ థాయ్‌లాండ్‌ది, ఫార్మినా ఇటలీది, డ్రూల్స్ మన దేశానిది. పుట్టిన దేశాన్ని బట్టి నాణ్యతను ఊహించడం కూడా పొరపాటే.

షాపులో నిలబడి మొదట వెతకాల్సింది ‘కంప్లీట్’ అన్న మాట. ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉంటే ఆ ఒక్క తిండి మీదే పిల్లి బతకగలదని కంపెనీ చెబుతున్నట్టు. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది నంచుకోవడానికే. గొట్టాల్లో వచ్చే క్రీమ్ ట్రీట్లు, ఉత్త చేప ముక్కలున్న కొన్ని డబ్బాలు ఈ రెండో రకం. రోజు క్యాలరీల్లో వీటి వాటా పదో వంతు దాటకూడదు. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉంటాయి, అక్షరం అక్షరం చదవండి.

తర్వాత ఏ వయసుకో చూడండి. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్‌కో అనే సంఘం ప్రకారం పొడి లెక్కలో పెద్ద పిల్లికి కనీసం 26 శాతం, కూనలకూ చూలు పిల్లికీ 30 శాతం ప్రోటీన్ ఉండాలి. కొవ్వు కనీసం 9 శాతం. యూరప్‌లోని పెంపుడు జంతువుల తిండి కంపెనీల సంఘం ఫెడియాఫ్ ఇంకో అడుగు ముందుకేసింది: కదలిక తక్కువై, కొద్దిగా తినే పిల్లికి 33.3 శాతం ఉండాలంటుంది. తినేదే తక్కువైనప్పుడు ఆ కాస్తలోనే ప్రోటీన్ అందాలి కదా! అపార్ట్‌మెంట్ పిల్లులకు మాకు ఈ ఫెడియాఫ్ అంకే సబబుగా తోస్తుంది. 26 అన్నది పాస్ మార్కు మాత్రమే.

ఇక పదార్థాల జాబితా. అందరూ మోసపోయేది ఇక్కడే. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు, కానీ ఆ బరువు వండకముందుది. తాజా చికెన్‌లో దాదాపు 70 శాతం నీళ్లే. వంద కిలోల మిశ్రమంలో 20 కిలోల తాజా చికెన్ వేస్తే, గింజగా ఆరిన తర్వాత దాని వంతు మిగిలేది ఆరు కిలోల చిల్లర. అదే ‘చికెన్ మీల్’ అంటే ముందే నీళ్లు, కొవ్వు తీసేసిన పొడి. జాబితాలో రెండో స్థానంలో ఉన్నా ఎక్కువ ప్రోటీన్ ఇచ్చేది అదే కావచ్చు. ఇంకో కిటుకు: మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్ (ధాన్యంలోని ప్రోటీన్), బియ్యం, గోధుమ అని విడివిడిగా రాస్తే ఒక్కోటీ కిందికి జారి, మాంసం పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. ధాన్యాలన్నీ మనసులో ఒక కుప్పగా పోసి చూడండి.

‘క్రూడ్ ప్రోటీన్’ అన్న అంకె కూడా నేరుగా ప్రోటీన్‌ను కొలిచింది కాదు. నైట్రోజన్ కొలిచి 6.25తో హెచ్చిస్తారు. మాంసం నుంచి వచ్చిందో గ్లూటెన్ నుంచి వచ్చిందో ఆ పరీక్షకు తెలియదు. 2007లో చైనా నుంచి వెళ్లిన గోధుమ గ్లూటెన్‌లో ప్రోటీన్ అంకె పెరగాలని మెలమైన్ అనే రసాయనం కలిపారు. అమెరికా, కెనడాల్లో పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. అందుకే అంకె ఒక్కటే చాలదు, దాని వెనకున్న మనిషినీ అడగాలంటాం.

ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది. ఫోన్ చేసి ఇవి అడగండి: టారిన్ (పిల్లికి తప్పనిసరి పోషకం) ఎంత, కాల్షియం ఎంత, ఫాస్ఫరస్ ఎంత, 100 గ్రాములకు క్యాలరీలు ఎన్ని, ఫార్ములా తయారుచేసిన పశుపోషణ నిపుణులు కంపెనీలో ఉద్యోగులా, తయారైన ప్రతి బ్యాచ్‌నూ పరీక్షిస్తారా. సూటిగా అంకెలు చెప్పే కంపెనీని నమ్మండి. ‘అన్నీ ఉన్నాయండీ’ అనే కంపెనీని పక్కన పెట్టండి.

‘గ్రెయిన్ ఫ్రీ’ అన్న మాటకు ఎక్కువ డబ్బు పెట్టేముందు పైన చెప్పిన పిండిపదార్థం లెక్క ఒకసారి వేయండి. ధాన్యం తీసేసిన చోట బంగాళాదుంపో బఠాణీయో చేరుతుంది. అంకె తగ్గితేనే ఆ ధరకు అర్థం.

మేం శాకాహారులం. ఇంటికొచ్చి చేరిన పిల్లికి పాలు, పెరుగన్నం పెడుతున్నాం. బాగానే తింటోంది. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

సరిపోదమ్మా. ఆదరించిన చేతికి ఈ మాట చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తగినంత తయారుచేసుకోలేదు. అది బాగా దొరికేది మాంసం, చేపల్లోనే. అది లేకపోతే నెలల తరబడి ఏమీ తెలియదు, తర్వాత కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోతుంది. 1987లో కాలిఫోర్నియాలో పాల్ పయన్ బృందం ఈ గుండె జబ్బుకు కారణం టారిన్ లోపమేనని, టారిన్ ఇస్తే గుండె కోలుకుంటుందని చూపించింది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. క్యారెట్‌లోని కెరోటిన్‌ను విటమిన్ ‘ఎ’గా మార్చుకోవడం కూడా పిల్లికి చేతకాదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి.

పచ్చి మాంసం ఇంట్లోకి తేలేని వాళ్లకు డ్రై ఫుడ్ మంచి దారి. కోయడం, వండడం ఏమీ ఉండదు. దానికని వేరే గిన్నె, వేరే డబ్బా పెట్టుకోండి.

మరో మాట. దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడొకరు చికెన్ సెంటర్ నుంచి కార్జం, కందనకాయలు తెచ్చి అన్నంలో కలిపి పెడుతున్నామని, ప్యాకెట్ కన్నా ఇదే బలమని రాశారు. ఎముక లేని మాంసంలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. పెరిగే కూనకు అదే తిండైతే ఎముకలు గుల్లబారి, దూకినా విరుగుతాయి. రోజూ కార్జం పెడితే విటమిన్ ‘ఎ’ పేరుకుపోయి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. వారానికోసారి చిన్న ముక్క, అంతే. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు వద్దే వద్దు, అవి రక్తకణాలను విరిచేస్తాయి.

డ్రై ఫుడ్ తింటే మగ పిల్లులకు మూత్రం ఆగిపోతుందంటున్నారు. ఏ బ్రాండు తింటే రాదు?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

ఏ బ్రాండూ హామీ ఇవ్వలేదు. మగ పిల్లి మూత్రనాళం బాగా సన్నం. మూత్రం చిక్కబడితే స్ఫటికాలు, జిగురు కలిసి బిరడాలా పడతాయి. నీళ్లు తక్కువ తాగడం, ఒళ్లు పెరగడం, భయం, బెంగ అన్నీ కారణాలే. మెగ్నీషియం తక్కువున్న తిండి స్ట్రూవైట్ అనే ఒక రకం రాళ్లను తగ్గిస్తుంది, కానీ కాల్షియం ఆక్సలేట్ రాళ్లు ఇంకో రకం, వాటికి ఆ ఉపాయం పనికిరాదు. కాబట్టి ‘యూరినరీ’ అని రాసిన సంచీని మూత్ర పరీక్ష చేయించకుండా సొంతంగా కొనకండి. మీ చేతిలో ఉన్న మందు నీళ్లు: రోజూ పౌచ్ పెట్టండి, ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు, తిండి గిన్నెకు దూరంగా ఉంచండి.

మాటిమాటికీ మలమూత్రాల ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే అది మలబద్ధకమని ఆముదం పట్టించకండి. తెల్లారేదాకా కూడా ఆగకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. రాత్రివేళ తెరిచి ఉండే ఆస్పత్రి మీ దగ్గర్లో ఏదో ముందే తెలుసుకుని నంబరు రాసి పెట్టుకోండి.

పది కిలోల సంచీ విప్పి లూజుగా అమ్ముతున్నారు, చవక. కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

వద్దు. ఎప్పుడు విప్పారో, గడువు ఎప్పటిదో తెలియదు. గింజ పైన పూసిన కొవ్వు గాలి తగిలి ముక్కిపోతుంది, విటమిన్లూ తగ్గుతాయి. వానాకాలం తేమకు బూజు పడుతుంది. బూజు విషం కంటికి కనిపించదు. నెల, నెలన్నరలో అయిపోయేంత సంచీయే కొనండి, మూతి బిగించి ఆ సంచీతోనే డబ్బాలో పెట్టండి. విప్పిన పౌచ్ ఫ్రిజ్‌లో రెండు రోజులు, ఎండాకాలం గిన్నెలో గంట, అంతకు మించొద్దు.

లెక్కలన్నీ చూసి మంచి బ్రాండు తెచ్చాం. మూడు రోజులుగా ముట్టడం లేదు. ఆకలేస్తే అదే తింటుందని వదిలేశాం. సరేనా?
– ఒక పాఠకుడు, ఎల్.బి.నగర్

దయచేసి అలా చేయకండి. కుక్క సంగతి వేరు. పిల్లి, అందులోనూ ఒళ్లున్న పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి అది పనిచేయడం మానేస్తుంది. పాత తిండి ఈ పూటే పెట్టండి. దాన్నీ ముట్టకపోతే, చెవుల్లోనో చిగుళ్లపైనో పసుపు కనిపిస్తే ఇవాళే డాక్టరుకు చూపించండి.

తినడం మొదలెట్టి, కుదుటపడ్డాక మళ్లీ ప్రయత్నించండి. మొదటి మూడు రోజులు పాతది ముప్పావు వంతు, కొత్తది పావు. తర్వాత మూడు రోజులు సగం సగం. ఆపై మూడు రోజులు పాతది పావు, కొత్తది ముప్పావు. విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి రండి. పౌచ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టకండి. వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి గోరువెచ్చగా పెడితే వాసన పైకి లేచి మూతి పెడుతుంది.