తుపాను మ్యాపులు చూసే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది చెన్నైలో ఆవడి. మా అమ్మాయి ప్లస్ వన్, మ్యాథ్స్-ఫిజిక్స్ గ్రూపు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి మా వీధి మునిగినప్పటి నుంచి ఫోన్లో వాతావరణ మ్యాపులే లోకం. అదే చదువుతానంటోంది. వాళ్ల నాన్న ఇంజినీరింగే అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ ఇష్టం దేని మీదో తేల్చుకుందాం. మ్యాపు చూడటానికి కుతూహలం చాలు. కానీ ఈ చదువంతా వేడి, గాలి, నీరు ఒకదాన్నొకటి ఎలా నెడతాయన్న ఫిజిక్సే. అది పట్టుబడుతుందో లేదో వంటింట్లోనే చూడొచ్చు.

రెండు గాజు గిన్నెల్లో అరలీటరు చొప్పున నీళ్లు పోయమనండి. ఒకదాంట్లో మూడు టీస్పూన్ల ఉప్పు పూర్తిగా కరిగించాలి. అంటే దాదాపు సముద్రమంత ఉప్పదనం. రెండింటి మీదా రంగు కలిపిన మంచినీళ్లు ఒక్కో గ్లాసెడు, గరిటె వీపు మీదుగా సన్నధారగా పోయాలి. గబుక్కున పోస్తే ఉప్పునీళ్లలోనూ కలిసిపోతాయి. నీళ్లన్నీ ఒకే వేడిమిలో ఉండాలి. లేకపోతే రంగునీళ్లు తేలింది ఉప్పు వల్లో వేడి వల్లో తెలియదు. ఇప్పుడు పైపైన చెంచాతో మెల్లగా కదపమనండి. మామూలు గిన్నెలో రంగు అడుగుదాకా దిగిపోతుంది. ఉప్పు గిన్నెలో పైపొర చాలాసేపు నిలుస్తుంది.

బంగాళాఖాతం ఉత్తరాన జరిగేది ఇదే. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి తెచ్చిన మంచినీళ్లు పైన పరుచుకుంటాయి. తుపాను గాలి సముద్రాన్ని చిలికి అడుగు చల్లనీళ్లను పైకి తెస్తే, తన తిండైన పైనీళ్ల వేడిని తనే పోగొట్టుకుంటుంది. ఈ పొర ఆ చిలకడానికి అడ్డుపడుతుంది కాబట్టి పైనీళ్ల వెచ్చదనం తగ్గదు. గిన్నె చూసి మీ అమ్మాయి ఇంతవరకూ తనే చెప్పగలిగితే, అది మంచి గుర్తు.

రెండో పరీక్షకి ఓపిక కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజూ ఉదయం 8:30కి, నిటారు గోడలున్న డబ్బాలో పడిన వానను స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి నోటుబుక్కులో రాయాలి. పైన వెడల్పు, కింద సన్నం ఉన్న డబ్బా అయితే కొలత ఎక్కువ చూపిస్తుంది. పిట్టగోడ పక్కన పెడితే తక్కువ చూపిస్తుంది. పక్కనే ముందురోజు వాతావరణ శాఖ చెప్పిన అంచనా రాసి, తేడా వస్తే ఎందుకో వెతకమనండి. ఉదాహరణకి, సముద్రం పైనీళ్లు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటినంత మాత్రాన తుపాను పుట్టదు. కింది గాలికీ పైగాలికీ వేగంలో, దిక్కులో తేడా ఎక్కువైతే మేఘాల తల ఒకవైపుకి కొట్టుకుపోయి అది బలహీనపడుతుంది. పొంగల్ దాకా పుస్తకం ఆగకపోతే నిజమైన ఇష్టమే.

ఇక గొడవ సంగతి. నిజానికి ఇద్దరి మాటా నెగ్గుతుంది. బీఎస్సీ ఫిజిక్స్ చేస్తే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్, టెక్నాలజీ యూనివర్సిటీ)లలో ఈ శాస్త్రంలో ఎమ్మెస్సీలు ఉన్నాయి. ఇంజినీరింగ్ చేసినా దారి మూసుకుపోదు. ఎంటెక్ చేరడానికి రాసే గేట్ పరీక్షలో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్లో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగమే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఈ శాస్త్రానికి ప్రత్యేక కేంద్రం ఉంది. ఏ దారిలో వెళ్లినా పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష రావాలి.

ఉద్యోగాల మాట దాచను. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం, పళ్లికరణై ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) లాంటి చోట్ల పోస్టులు తక్కువ. నోటిఫికేషన్ ఏటా వస్తుందని లెక్క వేసుకోవద్దు. గాలిమరల, సోలార్ కంపెనీలకూ బీమా సంస్థలకూ అంచనాలు వేసేవాళ్లు కావాలి. బీఎడ్ చేస్తే పాఠాలూ చెప్పుకోవచ్చు.

ప్రస్తుతానికి డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ దగ్గర తడబడుతోందేమో చూడండి. తడబడితే ఈ సెలవుల్లోనే సరిచేయించండి. గాలి కదలికల సమీకరణాలు అక్కడి నుంచే మొదలవుతాయి.