పవర్ మిషన్ కంటే ముందు గుడ్డ కత్తిరింపు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు కొత్తపేట. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 22,000. నేను ఇంట్లో చీర కవర్లు, దుప్పటి సంచులు, ఫ్రిజ్‌లో కూరగాయలకు నాడా సంచులు కుడతాను. ఎక్కువగా పోయేవి చీర కవర్లే, నెలకు 200 దాకా. ఒక్కోదానికి ఖర్చు 50, షాపుకు 80కి వేస్తాను. తొక్కుడు మిషన్‌తో పని సాగడం లేదు. పవర్ మిషన్, గుడ్డ అంచులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కలిపి 62,000 అన్నారు. చీటీ ముగిసి 85,000 చేతికొచ్చింది. ఆ డబ్బు ఎఫ్‌డీ వేసి, మిషన్‌కు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోమని మా మరిది అంటున్నాడు. జూన్‌లో అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టాలి. ఏం చేయమంటారు? మళ్లీ చీటీ వేయవచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ మరిది చెప్పింది చూద్దాం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 62,000కి నెలనెలా 1,240 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే 62,000 బ్యాంకులో వేస్తే, 7 శాతం ఇచ్చారనుకున్నా నెలకు వచ్చేది 360 రూపాయలు. ప్రతి నెలా 880 చేతి నుంచి వదులుతుంది. మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ దారిలో వెళ్లకండి.

ఇక అసలు విషయం. పైన కుదించి వేశాం కానీ, మీ పూర్తి ఉత్తరంలో ఎక్కడో మధ్యలో రాసిన రెండు సంగతుల దగ్గర నేను ఆగాను. బీరువాలో 70 కవర్లు అమ్ముడుపోకుండా ఉన్నాయి. అరువు మీద ఇచ్చిన సరుకుకు షాపు నుంచి ఇంకా 9,400 రావాలి. ఆ 70 కవర్లలో ఇరుక్కున్న ఖర్చు 3,500 కలిపితే 12,900 అవుతుంది. అంటే మీకు రెండు నెలల లాభం బయటే ఉండిపోయింది. పవర్ మిషన్ వస్తే కవర్లు ఇంకా తొందరగా తయారవుతాయి, బీరువా ఇంకా తొందరగా నిండుతుంది. షాపు మాత్రం డబ్బు ఇప్పటిలాగే ఆలస్యంగా ఇస్తుంది.

కవరుకు 35 నిమిషాలు పడుతోందన్నారు. అందులో మిషన్ మీద కూర్చునేది ఎంతసేపో ఒక రోజు గడియారం పెట్టుకుని చూడండి. కొలతలు, కత్తిరింపు, ఇస్త్రీ, జిప్పుకు రన్నర్ ఎక్కించడం, దారాలు తుంచడం, ఇవేవీ పవర్ మిషన్ చేయదు. అట్టముక్కతో నమూనా చేసుకుని, గుడ్డను ఏడెనిమిది మడతలు వేసి, పెద్ద కత్తెరతో ఒకేసారి కోస్తే మిగిలే సమయం తక్కువేమీ కాదు. మీ పాత మిషన్‌కు మోటారు బిగించుకున్నా చాలావరకు సరిపోతుంది.

ఇప్పుడు గుడ్డ లెక్క. మీరు 44 అంగుళాల పన్నా, అంటే వెడల్పు ఉన్న గుడ్డ మీటరు 76కి కొంటున్నారు. కవరుకు 15కి 18 అంగుళాల ముక్కలు రెండు కోస్తున్నారు. పన్నాలో 15 చొప్పున రెండే పడతాయి, పక్కన 14 అంగుళాల పట్టీ మిగిలిపోతుంది. ముక్కలు రెండు గోనెసంచుల నిండా పేరుకుపోయాయని మీరు రాసింది ఇందుకే. ముక్క వెడల్పు ఒక్క అంగుళం తగ్గించి 14 చేయండి. పన్నాలో మూడు పడతాయి, 42తో అయిపోతుంది. నూలు గుడ్డను కోసే ముందే తడిపి ఆరేస్తే కాస్త కుంచించుకుపోతుంది కదా, అందుకు రెండు అంగుళాలు చేతిలో ఉన్నాయి. మీటరుకు రెండు కవర్లు వచ్చేచోట మూడు వస్తాయి. గుడ్డ ఖర్చు 38 నుంచి 25కి దిగుతుంది. 200 కవర్ల మీద నెలకు 2,500 పైనే మిగులుతుంది, ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా. కుట్టు పోగా 13 అంగుళాల్లో పట్టుచీర పడుతుందా అన్న అనుమానం వస్తే, ఒకటి కుట్టి మీ చీరే పెట్టి చూసుకోండి. మడత కొంచెం మార్చితే సరిపోతుంది. ఆ గోనెసంచుల్లోని పట్టీలతో నాడా సంచులు కుట్టేయండి, వాటికి గుడ్డ ఖర్చు ఉండదు.

ధర విషయంలో మీరు మరీ మొహమాటపడుతున్నారు. బజారులో చవగ్గా దొరికే నాన్‌వోవెన్ కవర్లు చూడటానికి గుడ్డలా ఉన్నా ప్లాస్టిక్ రకమే. జరీ చీరకు గాలి ఆడే నూలు గుడ్డే మంచిదని మన అమ్మలకు తెలుసు. కొనేవాళ్లకు అది చెప్పి అమ్మండి. పెళ్లివారి ఆర్డర్లు నేరుగా తీసుకోండి, సగం డబ్బు ముందు పుచ్చుకోకుండా గుడ్డ కోయవద్దు. షాపుకు కూడా పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు వేయకండి. ఆషాఢంలో, మూఢంలో ఆర్డర్లు పడిపోతాయి కాబట్టి ఆ నెలల ఖర్చుకు ముహూర్తాలున్నప్పుడే కొంత పక్కన పెట్టుకోవాలి. గుడ్డ పట్నంబజారులో మీటర్ల లెక్కన కొనే బదులు, ఇద్దరు ముగ్గురు కలిసి విజయవాడ వస్త్రలత టోకు బట్టల మార్కెట్‌కు వెళ్లి తాను లెక్కన ధర అడిగి చూడండి.

మిషన్ వద్దని నేను అనడం లేదు. చేతినిండా ఆర్డర్లుండి, టైము లేక వరుసగా మూడు నెలలు వెనక్కి పంపాల్సి వస్తే అప్పుడు కొనండి. అప్పుడైనా వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లే పని లేదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 దాకా వోచర్, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. ఇంటికి ఒకరికే. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో అడగండి. ఒక జాగ్రత్త: చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా అప్పు తీరకుండా ఉంటే విశ్వకర్మలో అర్హత రాదు. అందుకని ముందు విశ్వకర్మకు ప్రయత్నించండి. అది కుదరకపోతేనే తాకట్టు లేకుండా 50,000 దాకా ఇచ్చే ముద్రా శిశు రుణం అడగండి.

85,000 ఇలా పెట్టండి. మీవారి రెండు నెలల జీతానికి కాస్త పైన, అంటే 45,000, మూడు ఎఫ్‌డీలుగా 15,000 చొప్పున వేయండి. అవసరానికి ఒకటి విరిచినా మిగతా రెండింటి వడ్డీ పోదు. 25,000 అమ్మాయి ఫీజుకు. దాన్ని వ్యాపారంలోకి ఒక్క రోజుకు కూడా తేవద్దు. మిగిలిన 15,000 గుడ్డకు, మోటారుకు.

చీటీ వేయవచ్చు, కానీ 1982 చీటీల చట్టం కింద రిజిస్టరైన సంస్థలోనే. ఆ చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, మీకు ఒక కాపీ ఇవ్వాలి. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీలో నిర్వాహకులు చేతులెత్తేస్తే మీ డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం. ఆ కాగితం ముందు చూపించని చోట మొదటి వాయిదా కూడా కట్టకండి.