అడగకపోయినా ఒక ముక్క పక్కన పెట్టు

అమ్మడూ,

కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ బయాప్సీలకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (ఈఎం) రిపోర్టులు ఇక నువ్వే రాస్తావని మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

బయాప్సీ ముక్కను వెంటనే, కణాలు చెడకుండా పట్టి ఉంచే గ్లూటరాల్డిహైడ్‌లో వెయ్యి, ఫ్రీజర్‌లో పెట్టకు. ఆ తర్వాత ముక్కకు పట్టించే ఆస్మియం సీసా మూత ఫ్యూమ్ హుడ్ కిందే తియ్యి, దాని ఆవిరి కళ్ళు తీసేస్తుంది. నీకు తెలుసులే, అయినా అత్తని కదా.

ముక్కను పొదిగిన రెసిన్ దిమ్మ కోస్తే పొరలు నీళ్ళ మీద వెండి రంగులోనో లేత బంగారు రంగులోనో తేలాలి. ఊదా రంగైతే మందంగా కోసినట్టే. మా టెక్నీషియన్ పుల్లకు కనురెప్ప వెంట్రుక అంటించి, దాంతో ఆ పొరల్ని గ్రిడ్ అనే చిన్న లోహపు వల దగ్గరికి నెట్టేవాడు. నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. పందొమ్మిదేళ్ళ కుర్రాడు. కిడ్నీ వడపోతల్లో మచ్చలు కట్టే ఎఫ్.ఎస్.జి.ఎస్. జబ్బు వల్ల సొంత కిడ్నీలు పోతే వాళ్ళమ్మ తనది ఇచ్చింది. పదో రోజుకే మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోవడం మొదలైంది. మామూలు మైక్రోస్కోపులో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లు శుభ్రంగా ఉన్నాయి, యాంటీబాడీల దాడికి గుర్తైన సి4డి నెగెటివ్. రిజెక్షన్ లేదు, నార్మల్ అని రాసేశాను. డబ్బు దండగెందుకని, ఈఎంకి ఏమీ ఉంచకుండా ముక్క మొత్తం ఫార్మలిన్‌లోనే వేయించాను. మూడు వారాలకు ఒళ్ళంతా వాపుతో వచ్చాడు. అప్పుడు మైనం దిమ్మలోంచి కాస్త తీసి ఈఎంకి పంపితే, ఆ వడపోతను కప్పి ఉండే పోడోసైట్ కణాల పాదాలన్నీ చదునైపోయి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి కనిపించాయి. పాత జబ్బే అమ్మ కిడ్నీని కూడా పట్టుకుంది. తొలి రోజుల్లో అది మామూలు మైక్రోస్కోపుకు చిక్కదని నాకు తెలుసు. తెలిసీ రాశాను. ప్లాస్మా మార్పిడి చికిత్స ఆలస్యంగా మొదలైంది, ఏడాది తిరక్కుండానే మళ్ళీ డయాలిసిస్. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వరండాలో టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

అందుకే, డాక్టరు అడగలేదని ఊరుకోకు. గ్లోమెరులస్ ఉన్న మిల్లీమీటరు ముక్క ముందే తీసి పెట్టు, పరీక్ష చెయ్యాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు.

ఏళ్ళు గడిచిన కిడ్నీలో యాంటీబాడీల దెబ్బ కూడా అంతే. గ్లోమెరులస్ కేశనాళికల గోడలోని బేస్‌మెంట్ పొర రెండుగా చీలడం తొలిదశలో ఈఎంలోనే దొరుకుతుంది, ట్రాన్స్‌ప్లాంట్ బయాప్సీల్ని అంచనా కట్టే బాన్ఫ్ వర్గీకరణలో దాన్నే సిజి1ఎ అన్నారు. కిడ్నీ గొట్టాల పక్కనుండే కేశనాళికల బేస్‌మెంట్ పొరలు ఓపిగ్గా లెక్కపెట్టు: దెబ్బ తీవ్రమనాలంటే ఒకదాంట్లో ఏడు, మరో రెండింట్లో ఐదేసైనా ఉండాలి. ఆరు చూసి ఏడని రాశావో, ఊరుకోను.

చీకటి గదిలోకి వెళ్ళేముందు ఏదైనా తిను, సంక్రాంతికి చూస్తే చిక్కిపోయావు. నీ మొదటి ఫొటో నాకు పంపు. పేషెంటు పేరు కనపడకుండా.

మీ అత్త